ఉభాల్లో (వరి నాట్లలో) మా పిన్ని పుస్తెలు మడిలో పడిపోయాయి, డిటెక్టర్‌కి పెద్ద కాయిల్ కొనాలా, చిన్నదా?

నరసన్నపేట_కుర్రోడు

అన్నలందరికీ నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర పల్లె, వంశధార ఎడమ కాలువ కింద మడులు. పోయిన ఆదివారం ఉభాల్లో మా పిన్ని పుస్తెల తాడు తెగిపోయింది. గొలుసు కాదు, పసుపు తాడే, నాని నాని తెగినట్టుంది. రెండు పుస్తెలు, ఒక చిన్న బంగారు గుండు, నాలుగు నల్లపూసలు ఉండాలి. సాయంత్రం బోదెలో కాళ్లు కడుక్కుంటూ మెడ తడుముకుంటే లేదు. అప్పటికి ముప్పై సెంట్ల మడి మొత్తం నాటేశారు. ఆ రాత్రి నుంచి పిన్ని సరిగ్గా అన్నం తినడం లేదు, వాళ్లత్త అనే మాటలు వేరే చెప్పక్కర్లేదు.

నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న గారెట్ ఏస్ 250 మెటల్ డిటెక్టర్ ఉంది. దానితో వచ్చిన 6.5 × 9 అంగుళాల కోడిగుడ్డు ఆకారం కాయిల్ (నేల మీద ఊపే పళ్లెం) ఒక్కటే ఉంది. మొన్న మడిలో దిగి ఊపాను. ఆల్ మెటల్‌లో పెడితే అడుగడుగునా మోత, తవ్వితే కొడవలి ముక్క, కేజ్ వీల్ బోల్టు, మాత్రల పట్టీ రేకు. విసుగొచ్చి కాయిన్స్ మోడ్‌లో పెట్టాను, దెబ్బకి మడంతా నిశ్శబ్దం. పైగా కాయిల్ తగిలి ఓ పది మొక్కలు లేచొచ్చాయి, బాబాయి చూసి ఇంక దిగొద్దన్నాడు.

సామాన్లు అమ్మే ఆయన్ని ఫోన్లో అడిగితే 9 × 12 కాయిల్ తీసుకో, లోతు డబుల్ వస్తుందన్నాడు. ఇంకో ఫ్రెండు డీడీ కాయిల్ అంటున్నాడు. 4.5 అంగుళాల చిన్నది కూడా ఉందట. మూడూ కొనే స్తోమత లేదు, ఏది తీసుకోమంటారు?

కళింగతీరం

తమ్ముడూ, లోతు డబుల్ అన్న మాట ముందు మర్చిపో. పెద్ద కాయిల్‌కి లోతు పెరిగేది బిందె, పలుగు, ఇనప పైపు లాంటి పెద్ద సామాన్లకి. పుస్తె ఎంతుంటుంది, చిటికెన వేలి గోరంత. కాయిల్ పెద్దదైతే దాని శక్తి ఎక్కువ నేల మీద పరుచుకుంటుంది, ఆ నేలంతా చేసే గోలలో గోరంత వస్తువు పలికే పలుకు కలిసిపోతుంది. పెద్ద కన్ను వలకి నెత్తళ్లు చిక్కవు కదా, ఇదీ అంతే. దానికి తోడు ఒక బోల్టు, ఒక పుస్తె పక్కపక్కనే ఉంటే పెద్ద కాయిల్ రెండింటినీ ఒకేసారి చూసి బోల్టు సంగతే చెబుతుంది.

కాయిన్స్ మోడ్‌లో తిప్పిన చోటంతా మళ్లీ తిప్పు, తప్పదు. చిన్న బంగారం ఎక్కడ పలుకుతుందో మాత్రల రేకు, గుట్కా కవరు రేకు కూడా అక్కడే పలుకుతాయి. ఆ మోడ్ చెత్తని తీసేస్తున్నాననుకుని దాన్నీ కలిపి తీసేస్తుంది, నువ్వు సరిగ్గా పుస్తె మీదుగా వెళ్లినా నోరు విప్పదు. జువెలరీ మోడ్ కానీ ఆల్ మెటల్ కానీ పెట్టు. ఇనుముకి లావు గొంతు, రేక్కీ బంగారానికీ మధ్యస్తం గొంతు వస్తుంది. ఆ మధ్యస్తం గొంతు విన్న చోటల్లా చెయ్యి పెట్టాల్సిందే, యాభై రేకులు తీసినా సరే.

పసుపు తాడు కావడం ఒక రకంగా నీ అదృష్టం అనుకో. సన్న గొలుసు పోతే వెతకడం నరకం. గొలుసంతా కలిపి ఒక వస్తువులా కనబడదు మిషన్‌కి, దేనికది విడి లింకులాగే కనబడుతుంది, ఒక్కో లింకు ఆవగింజంత. కొక్కెం దగ్గరో లాకెట్ దగ్గరో పలికితే పలికినట్టు. నేను కళింగపట్నం బీచ్‌లో టూరిస్టుల ఉంగరాలు చాలా తీసిచ్చాను, గొలుసులు మాత్రం వేళ్ల మీద లెక్క.

ఇప్పుడు నీ దగ్గరున్న కాయిల్ సంగతి. అది కాన్సెంట్రిక్, అంటే ఒక చుట్టు లోపల ఇంకో చుట్టు. అది భూమిలోకి చూసేది గరాటులా ఉంటుంది, పైన వెడల్పు, కిందికి పోయేకొద్దీ సన్నం. నువ్వు చీపురు ఊడ్చినట్టు పెద్ద పెద్ద అడుగులేసి ఊపితే పై రెండంగుళాలే వెతికినట్టు, కింద గరాటుకీ గరాటుకీ మధ్య అంతా ఖాళీ. ప్రతి ఊపుకీ సగం కాయిల్ కంటే ఎక్కువ ముందుకి జరపకూడదు. డీడీ అయితే రెండు డి ఆకారం చుట్లు వీపులు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టుంటాయి, అది చూసేది ముందు నుంచి వెనక దాకా నిలబెట్టిన పలకలా ఉంటుంది, కిందికెళ్లినా అంత సన్నబడదు. చెడ్డ నేలలో గోల కూడా తక్కువ. మా బీచ్‌లో నల్ల ఇసుక, ఇల్మెనైట్, గార్నెట్ అన్నీ కలిసి చారలు చారలుగా పడి ఉంటుంది, అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి లాగితే గడ్డం మొలిచినట్టు అంటుకుంటుంది. దానికి ఉప్పు నీరు తోడైతే నీలాంటి మిషన్ కాన్సెంట్రిక్‌తో పిచ్చెక్కినట్టు అరుస్తుంది. అక్కడ నేను డీడీ తప్ప వెయ్యను. నీ మడిది మంచి ఒండ్రు, మంచి నీరు, అంత భయం లేదు. కొనకుండానే ప్రయత్నించు అంటాను.

గరివిడి_ఫిట్టర్

కళింగతీరం అన్న చెప్పింది చాలావరకు కరెక్టే కానీ కొనొద్దు అనడం నేను ఒప్పుకోను. ఏస్ 250లో గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల చేసే గోలని సర్దే సెట్టింగు) మన చేతిలో ఉండదు, కంపెనీ పెట్టిందే. నేల కొంచెం తేడా ఉంటే సరిచేసుకునే దారి లేదు కాబట్టి కాయిల్ అయినా మంచిది ఉండాలి. మా గరివిడి వైపు మాంగనీస్ గనుల పక్క ఎర్ర నేలలో పాత కాయిల్‌తో రాయి రాయికీ అరిచేది, 8.5 × 11 డీడీ వేశాక నోరు కాస్త మూసింది.

ఇంకోటి, దమ్ము పట్టిన మడి అది. బురద జానెడు లోతు ఉంటుంది, దాని కింద గట్టి పొర. బంగారం బరువు, మెత్తటి బురదలో దిగుతుంది. 4.5 అంగుళాల కాయిల్‌కి పుస్తె లాంటిది నాలుగైదు అంగుళాలు దాటితే వినబడదు. నువ్వు చిన్నది కొని అది కింద పొర మీద కూర్చుంటే? నా ఓటు డీడీకి.

ఎవరి మాటా నమ్మకుండా ముందు పరీక్ష చేసుకో. అలాంటి వస్తువే ఇంకోటి చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి, గట్టి దారం కట్టి, మడి మూల 2, 4, 6, 8 అంగుళాల్లో పాతి ఊపి చూడు. దారం కొస గట్టు మీద పుల్లకి కట్టు, లేకపోతే వెతకాల్సిన వాటికి ఇంకోటి తోడవుతుంది.

నాగావళి_ఒడ్డు

కాయిళ్ల సంగతి నాకు తెలీదు గానీ ఒక్క మాట. చీకటి పడ్డాక హెడ్‌లైట్ పెట్టుకుని మడిలో మిషన్ ఊపకండి. మా ఊళ్లో ఒకాయన బోరు కేసింగ్ వెతుక్కుంటుంటే గుప్త నిధులోళ్లు అని వంద మంది పోగయ్యారు, పోలీసు జీపు వచ్చింది. పగలే, ఊరి పెద్దలకి ఒక మాట చెప్పి దిగండి. పనిలో పనిగా పాత నాణేలో ఇంకేవో దొరికితే జేబులో వేసుకోవద్దు, 1878 నిధి చట్టం ప్రకారం భూమిలో దాగి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాలి, ఆ పది రూపాయలు ఇప్పటికీ అలాగే ఉంది. మిషన్ ఉంది కదా అని శాలిహుండం, ముఖలింగం వైపు మాత్రం పోకండి, అవి కేంద్ర పురావస్తు శాఖవి, అక్కడ చేత్తో పట్టుకుని నిలబడినా సమాధానం చెప్పుకోవాలి.

నరసన్నపేట_కుర్రోడు

థ్యాంక్స్ అన్నా. పరీక్ష చేశాను. పుస్తెలు ఎవరిస్తారు చెప్పండి, మా అక్క చిన్న ఉంగరం ఇచ్చింది, అదీ పది జాగ్రత్తలు చెప్పి. నా కాయిల్‌తో 4 అంగుళాల దగ్గర బాగా, 6 దగ్గర పైనుంచి పోనిస్తే ఒకసారి ఉంది ఒకసారి లేదు, 8 దగ్గర ఏమీ లేదు. పలాసలో ఒకాయన దగ్గర డీడీ, చిన్నది రెండూ ఉన్నాయని తెలిసి వెళ్లి రెండ్రోజులకి తెచ్చాను. డీడీ 6 దగ్గర స్పష్టంగా పలికింది. చిన్నది 4 దగ్గర గట్టిగా, 6 దగ్గర సైలెంట్. అంటే ఫిట్టర్ అన్న గెలిచినట్టేనా? కానీ డీడీ మొక్కల మధ్య దిగదు, మొక్కల పైనుంచి ఊపితే నాలుగంగుళాలు అక్కడే పోతోంది.

ముప్పై_ఏళ్ల_రైతు

బాబూ, మీరంతా మిషన్ గురించే ఆలోచిస్తున్నారు, ఉభాలు ఎలా వేస్తారో చూశారా? ఆడవాళ్లు వంగి, వెనక్కి నడుస్తూ నాటుతారు. మెడలోంచి జారింది ఏదైనా ఆవిడ ముఖం కింద, అంటే ముందు పడుతుంది. ఆ తర్వాత ఆవిడ వెనక్కే పోతుంది గాని దాన్ని తొక్కదు. కాబట్టి కాలి గుంటలో దిగబడి ఉండే అవకాశం తక్కువ, మహా అయితే నాటేటప్పుడు చెయ్యి తగిలి రెండు మూడు అంగుళాలు దిగుంటుంది. నాటేసరికి దమ్ము బురద కూడా పేరుకుని ఉంటుంది, రాయి వేసినట్టు అడుక్కి పోదు.

ఇంక ముప్పై సెంట్లు ఎందుకు వెతకడం? మీ పిన్ని ఏ మునుం (నాటుకుంటూ పోయే పట్టీ) పట్టిందో ఆవిడకి గుర్తుంటుంది. అన్నాల వేళ మెడలో ఉందా లేదా అడుగు. ఉంటే ఆ తర్వాత నాటిన మునుం ఒక్కటే, రెండు బారల వెడల్పు. దుబ్బుకీ దుబ్బుకీ జానెడు ఎడం ఉంటుంది, అందులో నాలుగున్నర అంగుళాల కాయిల్ హాయిగా పడుతుంది, మీ డీడీ పట్టదు. మొక్క వేరు పట్టేదాకా ఒక వారం ఆగి, నీరు పలచగా తీసి దిగు. బాబాయి కూడా ఏమీ అనడు.

గరివిడి_ఫిట్టర్

ఇది నాకు తట్టనే లేదు. రైతు గారి మాటే మాట. చిన్నదే వెయ్యి తమ్ముడూ. కేబుల్ కడ్డీకి బిగుతుగా చుట్టు, వదులుగా ఊగితే దాని ఊపుకే బీప్ వస్తుంది. కాయిల్ నీళ్లలో మునిగినా ఏం కాదు, పైనున్న డబ్బాకి మాత్రం చుక్క తగలకూడదు.

నరసన్నపేట_కుర్రోడు

అందరికీ ఒకేసారి చెబుతున్నాను. అన్నాల వేళ ఉందట, చెయ్యి కడుక్కుంటూ తాడు వెనక్కి వేసుకున్నట్టు గుర్తుందట. తూర్పు గట్టు వైపు నుంచి మూడో మునుం. ఈ రోజు పొద్దున్న ఆరింటికి పిన్ని, నేను దిగాం. చిన్న కాయిల్, ఆల్ మెటల్, దుబ్బుల మధ్య నిలువు ఒకసారి, అడ్డం ఒకసారి. రెండు గంటల్లో పదకొండు రేకులు, ఒక సేఫ్టీ పిన్ను. పన్నెండోది కూడా రేకే అనుకుని, చూడకుండానే బురద పిడికిట్లోకి తీసి పిన్ని చేతిలో పెట్టాను. ఆవిడ నీళ్లలో వేళ్లు ఆడించింది, పుస్తె. బురదలో మణికట్టు కూడా మునగలేదు నాకు. పసుపు తాడు ముక్క, ఒక నల్లపూస దానికే అంటుకుని ఉన్నాయి.

రెండోదీ గుండూ ఇంకా దొరకలేదు. ఎండ ఎక్కింది, పిన్ని మాత్రం మడిలోంచి బయటికి రానంటోంది.

కళింగతీరం

దొరికిన చోట పుల్ల పాతావా? లేకపోతే ముందు ఆ పని చెయ్యి. అక్కణ్ణుంచి పిన్ని వెనక్కి నడిచిన వైపు నాలుగు అడుగులు, సగం స్పీడులో. కాయిల్ కవరు ఒకసారి ఊడదీసి కడుగు, లోపల బురదా నీళ్లూ చేరితే ఉత్తుత్తి బీప్‌లు మొదలవుతాయి. గుండు చిన్నది కదా, కాయిల్ బురదకి ఆనించినట్టే పోనివ్వు.