ఒక మోకాలికి ఆపరేషన్ అయ్యాక రెండో మోకాలు నొప్పి, మెట్లు ఎలా ఎక్కించాలి?

అందరికీ నమస్కారం. మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అమ్మకు కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయి రెండు నెలలు దాటింది. ఆ కాలు బాగానే కోలుకుంటోంది, 90 డిగ్రీల పైనే వంగుతోంది. ఇప్పుడు కొత్తగా ఎడమ మోకాలు పట్టుకుంది. పొద్దున మంచం దిగి నాలుగు అడుగులు వేసేలోపే గోడ పట్టుకుని ఆగిపోతోంది. సాయంత్రానికి చిప్ప చుట్టూ వాపు, చెయ్యి పెడితే వెచ్చగా ఉంటోంది. పిక్కలో నొప్పి లేదు, జ్వరం లేదు.

కుడి కాలును కాపాడుకుంటూ బరువంతా ఎడమ కాలి మీద వేయడం వల్లేనని నాకనిపిస్తోంది. వచ్చే వారం డాక్టర్‌కి చూపిస్తాం. ఈలోగా నా టెన్షన్ మెట్ల గురించి. మాది లిఫ్ట్ లేని రెండో అంతస్తు. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు అని ఫిజియో నేర్పారు. ఇప్పుడు రెండూ నొప్పి కాళ్లే అయితే ఏది ముందు? చేతికర్ర ఎడమ చేత్తో పట్టుకోమన్నారు, మరి ఎడమ మోకాలికి ఆసరా కావాలంటే కుడి చేతికి మార్చాలా? కొన్నాళ్లు మళ్లీ వాకర్ వాడితే మేలని నాకుంది. అమ్మేమో మళ్లీ మొదటికొచ్చామని బాధపడుతోంది.

వ్యాయామాలు మానేస్తే కుడి తొడ కండ బలహీనపడి భారం మళ్లీ ఎడమ మీదే పడుతుంది. చేస్తే ఎడమ మోకాలు వాస్తోంది. మీ ఇంట్లో ఇలా అయితే ఏవి ఆపారు, ఏవి కొనసాగించారు? ఇటువైపు ఇంటికొచ్చి చూసే, తెలుగు వచ్చిన ఫిజియో ఎవరైనా ఉంటే చెప్పండి. అమ్మకు కన్నడ, ఇంగ్లీషు రావు.