ఎడ్గార్ మ్యూలర్ నేల బొమ్మలు: కళా, కెమెరా గారడీనా?

గోదారిగట్టు:
జర్మనీ వీధి చిత్రకారుడు ఎడ్గార్ మ్యూలర్ గీసిన "క్రెవాస్" ఫొటో మళ్ళీ వాట్సాప్‌లో తిరుగుతోంది. 2008లో ఐర్లండ్‌లోని డన్ లీరీ రేవుగట్టు మీద వేశాడు. నేల నిలువునా చీలి, అడుగున మంచు లోయ కనిపిస్తుంది. నాలుగడుగులు పక్కకు జరిగితే మాత్రం సాగిపోయిన రంగులే. ఒక్క చోటి నుంచి, అదీ కెమెరాలో చూస్తేనే పండే బొమ్మను కళ అనాలా? నా లెక్కలో గారడీయే.

శ్రావణమేఘం:
గారడీ అంటే అంత తేలికా? 250 చదరపు మీటర్ల బొమ్మ, ఐదు రోజుల చాకిరీ. మన ముగ్గు కూడా మర్నాటికి ఉండదు, కళ కాదంటామా?

గోదారిగట్టు:
చెరిగిపోతుందని కాదండీ నా గొడవ. ముగ్గు ఏ వైపు నుంచి చూసినా ముగ్గే. ఇది కాదు.

కుంచె:
గోదారిగట్టు గారు అసలు విషయం పట్టుకున్నారు. చూసేవాడు నిలబడే చోటు ముందే ఖాయం చేసుకుని, అక్కణ్ణుంచి దూరమయ్యేకొద్దీ గీతను సాగదీస్తూ పోవాలి. కంటికి నిటారుగా కనిపించాల్సిన మంచుగోడ నేలమీద మీటర్ల కొద్దీ పరుచుకుంటుంది. మోకాళ్ళ మీద కూర్చుని రంగు వేసేవాడికి ఆ గోడ కనిపించదు, వంకర పట్టీలే కనిపిస్తాయి. కెమెరా మాటా నిజమే. రెండు కళ్ళతో చూస్తే నేల చదునని పసిగట్టేస్తాం. కెమెరాది ఒంటికన్ను, అందుకే తేలిగ్గా మోసపోతుంది.

అయినా ఒక్క చోటి నుంచే చూడాలన్నది కళకు అడ్డెలా అవుతుంది? జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో పుట్టిన చిత్రకారుడు హాన్స్ హోల్బైన్ 1533లో వేసిన "రాయబారులు" లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. దర్జాగా నిలబడ్డ ఇద్దరి కాళ్ళ దగ్గర ఏటవాలుగా ఒక మచ్చ. కుడి పక్కకెళ్ళి చూస్తే అది పుర్రె. పుర్రె కుదురుకునే చోటి నుంచి ఆ ఇద్దరూ కుదురుగా కనిపించరు. ఎంత గొప్ప ఆలోచన!

మాల్స్‌లో పాదాల గుర్తులు అంటించి ఫొటో దిగమనే బొమ్మలంటే నాకూ చిరాకే. వాటిని చూసి మ్యూలర్‌ను తీసిపారేయకండి. పదహారేళ్ళకే జర్మనీలోని గెల్డర్న్ ఊళ్ళో జరిగే వీధి చిత్రాల పోటీలో దిగి, పంతొమ్మిదేళ్ళకు గెలిచినవాడు.

గోదారిగట్టు:
హోల్బైన్ విషయంలో ఒప్పుకుంటాను. అక్కడ చోటు మారితే అర్థం మారుతుంది. మ్యూలర్ లోయలో చోటు మారితే అర్థమే పోతుంది. రెండూ ఒకటెలా అవుతాయి?

కుంచె:
పోదండీ. ఎదురుగా లోయ చూసినవాడు పక్కకొచ్చి అదే నేలను చూస్తే, తన కన్ను ఎలా బోల్తాపడిందో అక్కడే తెలిసిపోతుంది. నాకు ఆ బొమ్మలో అన్నిటికన్నా ఇష్టమైంది అదే. ఫొటోలో అది రాదు. ఫొటోను మాత్రమే చూసి గారడీ అని తేల్చేయడం ఆయనకు అన్యాయం.