నీలం ట్యాంకులో కొరమేను బెదురుతోంది, రంగు మార్చాలా?

నల్గొండ_కొరమేను:
నాకు పదివేల లీటర్ల టార్పాలిన్ ట్యాంకులు రెండున్నాయి. మొదట రెండూ నీలం. మార్చిలో ఒకటి చిరిగితే దొరికిన నల్ల షీటు వేశాను. రెండింట్లో ఒకే బ్యాచ్ చేపపిల్లలు, ఒకే ఫీడ్. నల్లదాంట్లో మేత చల్లగానే పైకొస్తాయి. నీలందాంట్లో నా నీడ పడితే చాలు, గుంపంతా అవతలి గోడకు పోయి గుద్దుకుంటుంది. చేతివలతో తీసి చూస్తే మూతి కొసన చర్మం లేచి తెల్లగా ఉంది. ఇది రంగు వల్లేనా?

భీమవరం_తిలాపియా:
తమ్ముడూ, ముందు నీళ్లలో అమ్మోనియా ఎక్కువైందేమో చూసుకో. నీలం మంచిదని ఎప్పుడో తేలింది. 2001లో బ్రెజిల్‌లో నైల్ తిలాపియాను ఇరుకులో పెట్టి చూశారు. తెల్ల వెలుగులో, ఆకుపచ్చ వెలుగులో కార్టిసాల్ పెరిగింది, అంటే చేపకు టెన్షన్ అన్నమాట. నీలం వెలుగులో పెరగలేదు. నేను ఆరేళ్లుగా నీలమే వాడుతున్నా.

ఫిషరీస్_విద్యార్థిని:
అన్నా, ఆ ప్రయోగం వెలుగు రంగు మీద. గోడ రంగు మీద కాదు. పైగా తిలాపియా వేరు, కొరమేను వేరు. జపాన్‌లో బార్‌ఫిన్ ఫ్లౌండర్ అనే సముద్రపు చేప నల్ల ట్యాంకుల్లో కంటే తెల్లవాటిలో బాగా పెరిగింది. చుట్టూ తెల్లగా ఉంటే చేప మెదడులో ఎంసీహెచ్ అనే హార్మోన్ ఎక్కువై ఒళ్లు పాలిపోతుంది. ఆకలి పెరగడానికీ అదే కారణమని అక్కడి పరిశోధకుల వివరణ. అలాగని మనం తెల్లది వేద్దామా? కొరమేను నాచు, గుర్రపుడెక్క సందుల్లో మాటు వేసే చేప. దాక్కునే చోటు లేకపోతే బెదరదా?

సైఫన్_రాజు:
నల్లది వేస్తే అడుగున మిగిలిన మేత కనపడదు. చచ్చిన చేపపిల్ల కూడా కుళ్లి తేలేదాకా తెలియదు. పొద్దున్నే సైఫన్ గొట్టం పెట్టి అడుగు మురికి లాగేవాడిని అడగండి.

బయోఫ్లాక్_ఖమ్మం:
ఫ్లాక్, అంటే నీళ్లలో పెంచే సూక్ష్మజీవుల తెట్టు, పట్టాక నీళ్లు మసకబారి ఏ రంగైనా అడుగు కనపడదు.

భీమవరం_తిలాపియా:
అదే నేననేది! కనపడని గోడ రంగు చూసి చేప ఎలా బెదురుతుంది?

నల్గొండ_కొరమేను:
అన్నా, నాది ఫ్లాక్ కాదు. రోజూ నీళ్లు మారుస్తాను, అడుగు దాకా తేటగా ఉంటాయి.

ఫిషరీస్_విద్యార్థిని:
మా నాన్న నాలుగేళ్ల కిందట ఏడు నీలం ట్యాంకులు కొన్నారు. అమ్మినతను ఏ రంగైనా ఒకటే అన్నాడు. కొరమేను పిల్లలు ఒకదాన్నొకటి తినేశాయి. ఇప్పుడు ఆ షీట్లు మా వడ్ల బస్తాల మీద కప్పి ఉన్నాయి.

భీమవరం_తిలాపియా:
కొరమేను పిల్లల్లో పెద్దవి చిన్నవాటిని తింటాయి. గ్రేడింగ్ చేసి సైజువారీగా వేరు చేయకుండా రంగును తిడితే ఎలా అమ్మా?

ఫిషరీస్_విద్యార్థిని:
వారం వారం గ్రేడింగ్ చేసింది నేనే. చేతులు పగిలాయి. తెలియకుండా మాట్లాడకండి.

భీమవరం_తిలాపియా:
సరే, తప్పుగా అనుకోకు. ఒక్క మాట అడుగుతా. నల్గొండ తమ్ముడూ, తూచావా? రెండు ట్యాంకుల్లో బరువెంత?

నల్గొండ_కొరమేను:
తూచాను. దాదాపు ఒకటే.

భీమవరం_తిలాపియా:
మరింకేం? బరువు వచ్చింది. చేప బెదిరిందా లేదా అన్నది రైతుకెందుకు? ఫీడ్ బాకీ నెత్తిన ఉన్నవాడు షీటు మార్చడానికి మళ్లీ అప్పు చేయాలా? రెండేళ్లు వడ్డీ కట్టినవాణ్ణి, అందుకే చెబుతున్నా.

నల్గొండ_కొరమేను:
రెండు కారణాలున్నాయి అన్నా. నీలందాంట్లోవి పాలిపోయి ఉంటాయి. బేరగాడు చూడగానే ట్యాంకు చేప అని కిలోకు రేటు కోసేస్తాడు. రెండోది డబ్బు లెక్క కాదు. మూతి పుండైన చేప మేత దగ్గరికొచ్చి, నన్ను చూసి వెనక్కి పోతుంది. రోజుకు మూడుసార్లు అది చూడలేకపోతున్నాను. బరువొచ్చిందని అది బాగున్నట్టు కాదు కదా.

ఫిషరీస్_విద్యార్థిని:
షీటంతా మార్చకండి అన్నా. నీలం ట్యాంకులో సగం గోడకు నల్లది వేలాడదీయండి. ఎటు పోతాయో వాటినే చెప్పనివ్వండి.

నల్గొండ_కొరమేను:
రెండు రోజులైంది కట్టి. పొద్దున చీకట్లో నిలబడి చూశాను. గాలి కోసం పైకొచ్చి గుటుక్కున మింగే చప్పుడంతా నల్ల షీటు వైపు నుంచే. నీలం వైపు నాలుగైదు ఉన్నాయేమో.

భీమవరం_తిలాపియా:
అటువైపు నీడ కూడా ఉండి ఉంటుంది. షీటు తీసుకెళ్లి ఎండ పడే గోడకు కట్టి, అప్పుడు చెప్పు.