బీఎంఐ 31, అయిదేళ్ల షుగర్: స్లీవ్ చేయించాలా, వద్దా?

లెక్కలబాబు:
మా బావగారి విషయం. 41 ఏళ్లు, 168 సెం.మీ., 88 కిలోలు. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే లెక్క) 31.2 వస్తోంది. నడుము 106 సెం.మీ. షుగర్ వచ్చి అయిదేళ్లు. మెట్‌ఫార్మిన్ రోజుకు 2000 మి.గ్రా., గ్లిమిపిరైడ్ 2 మి.గ్రా. వేసుకుంటున్నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 8.4. బీపీకి ఒక మాత్ర, పరగడుపున ఆసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ ఒకటి. ఒక ఆసుపత్రిలో బరువు, షుగర్ తగ్గడానికి జఠరం చాలా భాగం కోసి తీసేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకోమన్నారు, ప్యాకేజీ మూడున్నర లక్షలట. మనిషిని చూస్తే మరీ లావేం కాదు, బొజ్జ ఉందంతే. ఇంతమాత్రానికి కడుపు కోయించుకోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

పథ్యం_పంతులు:
వద్దు. ఈ ఆపరేషన్లకు పునాది 1991లో అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ పెట్టిన గీత. బీఎంఐ 40 దాటాలి, లేదా 35 దాటి షుగర్, గురక జబ్బు లాంటివి ఉండాలి. మన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో రాసిందీ అదే: 40, లేదా 35తో పాటు గుండె జబ్బో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో (నిద్రలో ఊపిరి ఆగే గురక జబ్బు), అదుపులో లేని షుగరో ఉండాలి, అదీ మిగతా పద్ధతులు విఫలమయ్యాకే. 31కి క్లెయిమ్ రాదు. కంపెనీ పైసా ఇవ్వనంటున్న చోట ఆసుపత్రి చేసేస్తానంటోందంటే ఎవరి లాభానికో మీరే ఆలోచించండి.

స్టేప్లర్:
పంతులుగారూ, 1991 అంటే పొట్ట నిలువునా కోసి చేసే రోజులు. స్లీవ్ విడిగా ఒక ఆపరేషన్‌గా అప్పటికి లేనే లేదు. 2022లో అమెరికా సంఘం ఏఎస్‌ఎంబీఎస్, అంతర్జాతీయ సంఘం ఐఎఫ్‌ఎస్‌ఓ రెండూ కలిసి ఆ గీత చెరిపేశాయి. ఇప్పుడు 35 దాటితే జబ్బులున్నా లేకపోయినా సిఫారసు చేస్తారు. షుగర్ ఉంటే 30 నుంచే. ఆసియా వాళ్లకైతే 27.5 దాటితే అవకాశం ఇవ్వాలని రాశారు. ఎందుకంటే మనవాళ్లకు కొవ్వు కాళ్లూ చేతుల్లో కాదు, కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ పేరుకుంటుంది. మగవాళ్లకు నడుము 90 సెం.మీ. హద్దయితే ఈయనకు 106. "మరీ లావేం కాదు" అనే మాట అద్దం ముందు పనికొస్తుంది, క్లోమం ముందు కాదు.

బీమా విషయం మీరన్నది నిజమే. డబ్బు చేతి నుంచే పెట్టుకోవాలి. బీమా ఇవ్వదు కాబట్టి వైద్యం తప్పనడం మాత్రం వేరే సంగతి.

ఊరకే_చదివేవాడు:
పొద్దున ఓ గంట నడిస్తే పోయేదానికి మూడున్నర లక్షలా!

స్టేప్లర్:
గంట నడిస్తే మూడు వందల కేలరీలు. మూడు ఇడ్లీలు, కొబ్బరి చట్నీతో తిరిగి లోపలికి. నడక షుగర్‌కి మంచిదే, ఈయన తగ్గాల్సిన 18 కిలోలు దించదు.

పథ్యం_పంతులు:
27.5 అని రాసింది ఎవరు? ఆపరేషన్లు చేసే సర్జన్ల సంఘాలే. మంగలిని అడిగితే క్షవరం అవసరం లేదంటాడా? మన దేశంలో చాలాకాలం నడిచిన లెక్క జబ్బులుంటే 32.5, లేకపోతే 37.5. దాని ప్రకారమూ ఈయన రాడు.

స్టేప్లర్:
సర్జన్లను నమ్మకపోతే పరిశోధనల ఫలితాలు చూడండి. క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 150 మంది షుగర్ రోగులతో చేసిన స్టాంపీడ్ అనే పరిశోధనలో బీఎంఐ 27 నుంచి 43 దాకా ఉన్నవాళ్లను తీసుకున్నారు. అయిదేళ్ల తర్వాత హెచ్‌బీఏ1సీ 6.0కి దిగినవాళ్లు మందులు మాత్రమే వాడిన గుంపులో 5 శాతం, స్లీవ్‌లో 23, బైపాస్‌లో (గుండెది కాదు, జఠరాన్ని చిన్న సంచి చేసి పేగుకు కలిపేది) 29. మందులు రాసింది ఊరూపేరూ లేనివాళ్లు కాదు.

పథ్యం_పంతులు:
మీ అంకెనే తిప్పి చదువుతాను. బైపాస్ చేయించుకున్నా నూటికి డెబ్బై ఒక్క మంది 6.0కి రాలేదు. "షుగర్ పోతుంది" అని హోర్డింగు మీద రాసేటప్పుడు ఈ డెబ్బై ఒక్కరూ ఎక్కడికి పోతారు?

ఓటీ_సిస్టర్:
ఇద్దరు ఆగుండ్రి జర. 27.5, 32.5 అనుకుంట కొట్లాడుతున్నరు గని, ఆయన పొద్దుగాల పాంటోప్రజోల్ ఎందుకు ఏస్కుంటుండో ఎవ్వరన్న అడిగిన్రా? బాబూ, మీ బావకు ఛాతిల మంట ఉన్నదా? రాత్రి పండుకుంటే పుల్లటి నీళ్లు గొంతులకు వస్తయా? ఎండోస్కోపీ అయిందా?

లెక్కలబాబు:
మంట ఉంది సిస్టర్. రెండు దిండ్లు పెట్టుకుని పడుకుంటాడు. ఎండోస్కోపీ ఆపరేషన్ ముందు రోజు చేస్తామన్నారు.

ఓటీ_సిస్టర్:
ముందు రోజు చేస్తే ఇగ దేనికి? పైసలు కట్టి బెడ్డు మీద పండినంక "స్లీవ్ వద్దు" అని ఎవరంటరు?

స్లీవ్ అంటే జఠరం లోపల 36 సైజు బూజీ గొట్టం పెట్టి, పైలోరస్‌కు (జఠరం కింది ద్వారం) నాలుగైదు సెంటీమీటర్ల ఇవతల నుంచి స్టేప్లర్‌తోటి పైదాక కోసుకుంట పోతరు. ముప్పాతిక కంటె ఎక్కువ జఠరం బయటికొస్తది. మిగిలింది సన్న గొట్టం. కింద పైలోరస్ మూసుకొనే ఉంటది, లోపల ఒత్తిడి పెరుగుతది, ఆసిడ్ పైకి తంతది. ఫిన్లాండ్‌ల జేసిన స్లీవ్‌పాస్ పరిశోధనల పదేండ్లకు చూస్తే అన్నవాహిక పుండుబడ్డోళ్లు స్లీవ్‌ల 31 శాతం, బైపాస్‌ల 7 శాతం. ఇప్పటికే రెండు దిండ్ల మీద పండుకునేటాయనకు స్లీవ్ జేస్తే, మూడేండ్లకు మళ్ల బైపాస్‌కు మార్చాల్సి వస్తదేమో. రెండో ఆపరేషన్ మొదటి దానంత అల్కగ ఉండదు. హయాటస్ హెర్నియా (జఠరం ఛాతిలకు జారుడు) ఉన్నదా, ఎచ్ పైలోరీ (కడుపుల పుండు జేసే క్రిమి) ఉన్నదా, ఇవన్ని నెల ముందుగల్లనే తేలాలె.

స్టేప్లర్:
సిస్టర్ చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైనది. ఈయనకు స్లీవ్ కాదు, రూ-ఎన్-వై బైపాస్. పైన 30 మి.లీ. సంచి వదిలి, పేగును నేరుగా దానికి కలుపుతారు, ఆసిడ్ పైకి రాదు. ఒకే అతుకు ఉండే మినీ బైపాస్ చేస్తామంటే బైల్ లింబ్ (అన్నం వెళ్లకుండా పక్కన పెట్టే పేగు) ఎంత పొడవు వదులుతారో అడగండి. 200 సెం.మీ. వదిలిన ఫ్రాన్స్ పరిశోధనలో విరేచనాలు, పోషణ లోపాలు ఎక్కువ కనపడ్డాయి. దించాల్సింది పదిహేడు, పద్దెనిమిది కిలోలే అయినప్పుడు అంత పొడవు అక్కర్లేదు.

డైటీషియన్_శైలు:
ఫాస్టింగ్ సీ-పెప్టైడ్ చేశారా? క్లోమంలో ఎంత సత్తా మిగిలిందో తెలియకుండా షుగర్ కోసం ఆపరేషన్ అనడం అర్థం లేదు. వయసు, బీఎంఐ, సీ-పెప్టైడ్, షుగర్ వచ్చి ఎన్నేళ్లు అనే నాలుగింటితో ఏబీసీడీ స్కోరు వేస్తారు. అయిదేళ్లే, ఇన్సులిన్ లేదు కాబట్టి ఈయనకు ఆశ ఉంది. సీ-పెప్టైడ్ ఒకటికి దిగువన ఉంటే మాత్రం బరువు తగ్గినా షుగర్ అంతగా తగ్గదు. థైరాయిడ్ కూడా చూడాలి.

పథ్యం_పంతులు:
చూశారా, ఇంకా సీ-పెప్టైడ్ లేదు, ఎండోస్కోపీ లేదు, ప్యాకేజీ మాత్రం ఖాయం. అంతకంటే ముందు సంగతి: మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్‌తోనే "మందులు విఫలం" అని ఎలా తేల్చారు? గ్లిమిపిరైడ్ బరువు పెంచే మందు. దాన్ని తీసి బరువు పెంచని ఎంపాగ్లిఫ్లోజినో, డాపాగ్లిఫ్లోజినో పెట్టి చూశారా? బరువు తగ్గించే ఇంజెక్షన్లలో మౌంజారో (టిర్జెపటైడ్) మన దేశానికి 2025 మార్చిలో వచ్చింది, వెగోవీ (సెమాగ్లూటైడ్) అదే ఏడు జూన్‌లో వచ్చింది. టిర్జెపటైడ్ 15 మి.గ్రా. మీద 72 వారాలకు సగటున 20.9 శాతం తగ్గారు. వాళ్లు షుగర్ లేనివాళ్లు, ఉన్నవాళ్లకు కొంత తక్కువే ఉంటుంది. అయినా 31 బీఎంఐకి అది చాలు. కత్తి ఎందుకు?

స్టేప్లర్:
మౌంజారో వచ్చిన కొత్తలో 5 మి.గ్రా. వయల్ 4,375 రూపాయలు, వారానికి ఒకటి. నెలకు పదిహేడున్నర వేలు, ఏడాదికి రెండు లక్షల పైన. ఆపితే? సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. ఆ ధరన రెండేళ్ల ఇంజెక్షన్ల ఖర్చుకి బైపాస్ అయిపోతుంది.

పథ్యం_పంతులు:
ఇంజెక్షన్ పడకపోతే ఆపుకోవచ్చు. కోసి బకెట్లో వేసిన జఠరాన్ని తెచ్చి అతకగలరా? అసలు మాట చెప్పనా, నోరు కట్టుకోవడం చేతగాక కడుపు కట్టించుకుంటున్నారు. అదీ సంగతి.

స్టేప్లర్:
ఇన్ని పోస్టులకు అసలు రంగు బయటపడింది. మీకు బీఎంఐ 27.5తోనూ గొడవ లేదు, 35తోనూ లేదు. లావుగా ఉండటం తప్పు, తప్పు చేసినవాడు పథ్యంతో శిక్ష అనుభవించాలి, అంతేగా? బీపీ మాత్ర వేసుకునేవాణ్ణి "ఉప్పు మానలేవా, చేతగానివాడా" అంటారా? ఆకలి పుట్టించే గ్రెలిన్ జఠరం పైభాగంలో తయారవుతుంది, స్లీవ్‌లో ఆ భాగమే తీసేస్తారు. బైపాస్‌లో అన్నం చిన్నపేగు కింది భాగానికి త్వరగా చేరి, ఇన్సులిన్ పెంచే హార్మోన్ జీఎల్‌పీ-1 పెరుగుతుంది. బరువు ఇంకా దిగకముందే, మొదటి వారాల్లోనే షుగర్ దిగేది అందుకే. నోటికీ దీనికీ సంబంధం తక్కువ.

పథ్యం_పంతులు:
ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ నా గొడవ శిక్ష గురించి కాదు. ఆపరేషన్ చేసినవాడు మూడో రోజు డిశ్చార్జి చేసి మూడో నెలకు ఫోన్ ఎత్తడు. తర్వాత పదిహేనేళ్లు ఎవరు చూస్తారు? బి12 ఎవరు రాస్తారు? ఈ రంగంలో లేనివాళ్లకు అర్థం కాని బాధ ఇది.

బాబుగారూ, మీ బావగారిది ఏ ఊరు?

లెక్కలబాబు:
కవిటి. ఆసుపత్రి విశాఖలో.

డైటీషియన్_శైలు:
కవిటి అంటే ఉద్దానం, కిడ్నీ జబ్బుల ప్రాంతం. ఈ ఒక్క ముక్క మొదటే చెప్పి ఉండాల్సింది! క్రియాటినిన్ ఎంత? మూత్రంలో ఆల్బుమిన్ చూశారా?

లెక్కలబాబు:
క్రియాటినిన్ 1.3. ల్యాబ్ వాళ్లు నార్మల్ అన్నారు. ఇంకోటి, రోజుకు పదీ పన్నెండు సిగరెట్లు కాలుస్తాడు.

డైటీషియన్_శైలు:
41 ఏళ్ల మగమనిషికి 1.3 అంటే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత లెక్క) డెబ్బైకి అటూఇటూ. ఉద్దానంలో ఆ అంకెను నార్మల్ అని పక్కన పెట్టకూడదు. ఆపరేషనైన మొదటి నెల గుక్క గుక్కగా తాగితేనే దిగుతుంది, రోజుకు లీటరున్నర తాగడమే గగనం. ఒంట్లో నీరు తగ్గి క్రియాటినిన్ ఎగబాకుతుంది. బీపీ మాత్రలో నీరు లాగే మందు కలిసి ఉంటే అది ముందే ఆపించాలి. బైపాస్ తర్వాత మూత్రంలో ఆక్సలేట్ పెరిగి రాళ్లు పడతాయి. నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి ముట్టకూడదు, కిడ్నీకీ చేటు, పేగు అతుకు దగ్గర పుండుకీ కారణం. మీ వైపు కొబ్బరి తోటల్లో నడుం నొప్పికి ఆ మాత్రలు ఎలా మింగుతారో నేను చెప్పక్కర్లేదు.

స్టేప్లర్:
సిగరెట్టు సంగతితో నా లెక్క మారింది. బైపాస్ అతుకు దగ్గర అల్సర్‌కి మొదటి కారణం పొగ. కనీసం ఆరు వారాల ముందు మానాలి, తర్వాత కూడా ముట్టకూడదు. మంట వల్ల స్లీవ్ కుదరదు, పొగ వల్ల ఇప్పుడే బైపాస్ కుదరదు. అయినా 31.2 అడ్డు అని నేను ఒప్పుకోను. అడ్డు బీఎంఐ కాదు.

పథ్యం_పంతులు:
నేనూ ఇప్పుడు బీఎంఐ మాట ఎత్తడం లేదు.

ఓటీ_సిస్టర్:
ఊరు దూరమైతే ఏమైతదో చెప్తా, ఇనుండ్రి. ఆపరేషనైన రెండో నెల వాంతులు మొదలైతయి. విశాఖ రెండు వందల కిలోమీటర్ల పైననే, దగ్గరుండేది బరంపురం. గంత దూరం ఎందుకని ఊళ్లె డాక్టర్ దగ్గరికి పోతరు, ఆయన గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తడు. అప్పటికే ఒంట్ల బి1, అంటే థయమిన్, అయిపోయి ఉంటది. థయమిన్ ఇయ్యకుండ గ్లూకోజ్ ఎక్కిస్తే కండ్లు అదురుతయి, నడక తూలుతది, మాట కలగాపులగం. వెర్నికే అంటరు. కొందరికి ఆ మతిమరుపు మళ్ల పోదు. అందుకే డిశ్చార్జి కాయితం మీద తెలుగుల పెద్దగ రాయించుకోవాలె: "ముందు థయమిన్ ఇంజెక్షన్, తర్వాతనే గ్లూకోజ్." పర్సుల పెట్టుకోవాలె, ఇంట్ల భార్యకు గూడ చెప్పాలె.

మొదటి వారం జ్వరం, గుండె వేగం నూట ఇరవై, ఎడమ భుజం నొప్పి, ఇవి వస్తే లీకు అనుకొని బయలుదేరాలె. గ్యాస్ అని ఇంట్ల కూసోవద్దు.

ఊరకే_చదివేవాడు:
ఇవన్నీ ఆసుపత్రివాళ్లు చెప్పరా?

ఓటీ_సిస్టర్:
చెప్తరు. మత్తుల ఉన్నప్పుడు చెప్తరు.

డైటీషియన్_శైలు:
జీవితాంతం వాడాల్సినవి కూడా ఖర్చులో వేసుకోండి: మల్టీవిటమిన్, కాల్షియం సిట్రేట్ రోజుకు 1200 నుంచి 1500 మి.గ్రా. విడతలుగా, ఐరన్ దానికి రెండు గంటల దూరంలో, బి12 రోజూ మాత్ర లేదా నెలకొక 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్, విటమిన్ డి. పిత్తాశయంలో రాళ్లు పడకుండా ఆరు నెలలు అర్సోడియాక్సీకోలిక్ 300 మి.గ్రా. రెండు పూటలా. మాంసకృత్తులు రోజుకు 60 గ్రాములు తగ్గకూడదు, కిడ్నీ లెక్క చూసి ఎంతన్నది డాక్టరే చెప్పాలి. పూటకు అరకప్పు పట్టే కడుపులో పప్పుకట్టు పోస్తే నీళ్లు నిండుతాయే గానీ ప్రొటీన్ రాదు. గుడ్డులో ఆరు గ్రాములే. ముద్ద అన్నం, చపాతీ మొదట్లో అడ్డం పడతాయి. గ్లిమిపిరైడ్ ఆపరేషన్ రోజుతోనే ఆపాలి, లేకపోతే తినీ తినక షుగర్ పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ (మెల్లగా కరిగేది) ఉంటే మామూలు మాత్రకు మార్చాలి.

పథ్యం_పంతులు:
ఇంత జాబితా కవిటిలో నెలనెలా దొరుకుతుందా?

స్టేప్లర్:
అందరిలో ప్రాణాపాయం వెయ్యికి ఒకరు, పిత్తాశయం తీసేదానికంటే ఎక్కువేం కాదు. అదుపులో లేని షుగర్ ఉద్దానంలో కిడ్నీని ఏం చేస్తుందో ఆ లెక్క కూడా వేయండి. ఏమీ చేయకుండా కూర్చోవడానికీ ఒక ఖరీదుంది పంతులుగారూ, దాని ప్యాకేజీ ఎవరూ హోర్డింగు మీద వేయరు.

పథ్యం_పంతులు:
కూర్చోమని ఎవరన్నారు? గ్లిమిపిరైడ్ మార్చండి. కిడ్నీ డాక్టరుకు చూపించి డాపాగ్లిఫ్లోజిన్ మాట అడగండి, దానివల్ల కిడ్నీకీ మేలే. పొగ మాన్పించండి. ఆరు నెలలకు హెచ్‌బీఏ1సీ ఎంతుందో చూసి అప్పుడు మాట్లాడదాం.

స్టేప్లర్:
మూడు నెలలు. ఆరు ఎక్కువ. ఎండోస్కోపీ, సీ-పెప్టైడ్, మూత్రంలో ఆల్బుమిన్ ఈ నెలలోనే.

లెక్కలబాబు:
ఇంకో మాట చెప్పలేదు. ఆపరేషన్ కావాలంటోంది బావ కాదు, మా అక్క. బావనడిగితే "మీ ఇష్టం" అంటాడు.

ఓటీ_సిస్టర్:
అట్లయితే అడ్వాన్స్ కట్టకుండ్రి. రోజు అయిదు మాత్రలు మింగాల్సింది మీ అక్క కాదు.

లెక్కలబాబు:
యాభై వేలు కట్టేశాం.

స్టేప్లర్:
రసీదు వెనక వాపసు నిబంధన ఉంటుంది, చదవండి. తేదీ ఖరారు కాకముందే, పరీక్షలు మిగిలి ఉన్నాయని రాతపూర్వకంగా వాయిదా అడగండి. ఫోన్లో చెప్తే లెక్కలోకి రాదు.