గాలి పెరిగితే గ్లైడర్‌కి సీసం వేయాలా, ట్రిమ్‌తో నెట్టుకురావాలా?

వాలుగాలి_విశాఖ:
నాది కొండగాలిలో రిమోట్‌తో ఎగరేసే, మోటారు లేని మోడల్ గ్లైడర్: 1.5 మీటర్ల ఈపీపీ ఫోమ్ ఫ్లయింగ్ వింగ్, అంటే తోక లేకుండా రెక్క ఒక్కటే ఉండేది. రెక్క వైశాల్యం 37 చదరపు డెసిమీటర్లు, బ్యాటరీతో కలిపి 800 గ్రాములు. కొండ అంచున గాలి గంటకు 20 కి.మీ. ఉన్నంతవరకు హాయిగా ఎగురుతుంది. 35 దాటిందా, ముక్కు పైకెత్తి, లేచి, వెనక్కి కొట్టుకుపోతుంది. బరువు వేయమని కొందరు, ఎలివాన్ల (రెక్క వెనక అంచున కదిలే పలకలు) ట్రిమ్, అంటే స్టిక్ వదిలినప్పుడు అవి నిలిచే స్థానం, కిందికి దించితే చాలని కొందరు అంటున్నారు. ఏది సరి?

సీసంగుండు:
బరువే, ఇందులో ఆలోచించేదేముంది? ట్రిమ్ దించితే వేగం వస్తుంది కానీ గ్లైడర్ తన మంచి కోణం వదిలేసి కిందికి జారుతుంది. బరువు వేస్తే గ్లైడ్ నిష్పత్తి (ఒక మీటరు దిగేలోపు ముందుకు సాగే దూరం) దాదాపు అలాగే ఉంటుంది, కాకపోతే ఎక్కువ వేగం దగ్గర దొరుకుతుంది. వేగం బరువు వర్గమూలం లెక్కన పెరుగుతుంది. 800కి 350 గ్రాములు కలిపితే 1150, అంటే 1.44 రెట్లు. వేగం 1.2 రెట్లు. ఇప్పుడు 47 కి.మీ. వేగంతో సాగే కోణంలోనే అప్పుడు 56తో సాగుతుంది. ఎదురుగాలి 40 అనుకోండి: కొండకు దూరంగా ముందుకు కదిలేది గంటకు 7 నుంచి 16 కి.మీ.కు చేరింది. రెట్టింపు దాటిందా లేదా?

ఫోమ్‌రెక్క:
లెక్క సరే, రోగం అదేనా అని ఎవరూ చూడలేదు. "ముక్కు పైకెత్తి లేస్తుంది" అన్నారు కదా, అది బరువు తక్కువైన లక్షణం కాదు. ముక్కు బరువెక్కువైన వింగ్ లక్షణం. గురుత్వ కేంద్రం మరీ ముందుకుంటే ఎలివాన్లు పైకి ఎత్తి పెట్టాల్సి వస్తుంది. గాలి తెర తగిలి వేగం పెరగ్గానే ఆ ఎత్తిన ఎలివాన్లే ముక్కును పైకి లాగుతాయి. దాని మీద 350 గ్రాములు పెడితే బరువైన తప్పు అవుతుంది, అంతే.

ముందు డైవ్ పరీక్ష చేయండి. ఎత్తుకు తీసుకెళ్లి, అంచుకు దూరంగా, 45 డిగ్రీల్లో ముక్కు దించి స్టిక్ వదిలేయండి. గట్టిగా పైకి లేస్తే ముక్కు బరువు. నెమ్మదిగా లేస్తే బాగుంది. ఇంకా లోపలికి ముడుచుకుపోతే వెనక బరువు, వెంటనే లాగండి. బ్యాటరీని ఒకసారికి 2 మి.మీ. వెనక్కి జరపండి, ఆపైన మళ్లీ పరీక్ష. ఫ్లయింగ్ వింగ్‌కి 2 మి.మీ. తక్కువేం కాదు.

సీసంగుండు:
డైవ్ పరీక్ష చేయొద్దని నేననలేదే. అది చేశాక కూడా 40 గాలిలో 21.6 గ్రాముల లోడింగ్ (రెక్క చదరపు డెసిమీటరు మోసే బరువు) చాలదు. ఎఫ్‌3ఎఫ్ అనే కొండవాలు గ్లైడర్ల వేగ పోటీల నిబంధనే చదరపు డెసిమీటరుకు 75 గ్రాముల దాకా ఒప్పుకుంటుంది. ఊరికే ఒప్పుకుంటుందా?

ఫోమ్‌రెక్క:
ఎఫ్‌3ఎఫ్‌ని ఇక్కడికి లాక్కురాకండి. 100 మీటర్ల దూరం పదిసార్లు కొట్టే ఆ గ్లైడర్లు అచ్చుల్లో పోసిన కార్బన్ రెక్కలవి, దిగేటప్పుడు ఫ్లాప్‌లు దించి బ్రేకు వేసుకుంటాయి. ఈ ఫోమ్‌కి బ్రేకే లేదు. స్టాల్ వేగం (ఇంతకంటే తగ్గితే రెక్క మోయలేని వేగం) కూడా 1.2 రెట్లు పెరిగి, బరువు 1.44 రెట్లయితే తగిలే దెబ్బ రెండింతలు. ఎలివాన్లను కదిపే 9 గ్రాముల సర్వోల గేర్ల ప్లాస్టిక్ పళ్లు మొదట రాలేవి.

సహ్యాద్రి_గాలి:
ఆ రెండింతలన్నది గాలిలేని చోట నిజం. స్టాల్ వేగం 22 నుంచి 26 అయింది, ఎదురుగాలి 35 ఉంది. నేల మీద వేగం దాదాపు ఏమీ ఉండదు, చేత్తో పట్టుకోవచ్చు. దెబ్బ తినేది అంచు వెనక సుడిలో. అక్కడ గాలి తిరగబడుతుంది, ఒక్కోచోట పూర్తిగా చచ్చిపోతుంది. బరువు గ్లైడర్ అక్కడ దబ్బున కూలుతుంది. కాబట్టి బరువు వేసినరోజు కొండమీద మైదానంలో కాకుండా, వాలు మీదే, అంచుకు కాస్త కింద, పైకి ఎక్కిస్తూ దించాలి. నా ఓటు బరువుకే, కానీ ఫోమ్‌రెక్క గారి పరీక్ష తర్వాతే.

ఇంకొకటి: అంచు మీద గాలి ఒత్తుకుని వేగం పెరుగుతుంది. 30, 40 మీటర్లు ముందుకెళ్తే అదే గ్లైడర్ మామూలుగా కదులుతుంది. సగంమంది అంచుకు అతుక్కుని ఎగరేసి బరువు చాలట్లేదంటారు!

వాలుగాలి_విశాఖ:
పరీక్ష చేసి వేస్తాను. 350 గ్రాములు ఎక్కడ పెట్టాలి?

సీసంగుండు:
సరిగ్గా గురుత్వ కేంద్రం గీత మీద, రెండు వైపులా సమానంగా. 12 మి.మీ. సీసం కడ్డీ 10 సెం.మీ.కి సుమారు 128 గ్రాములు, ఇత్తడైతే 96. ఒక్కో వైపు 14 సెం.మీ. సీసం చాలు. కడ్డీ దొరక్కపోతే వలలకు కట్టే సీసం గుండ్లు ప్లాస్టిక్ గొట్టంలో దట్టించండి. గీతకు 10 మి.మీ. ముందు పెడితే మొత్తం కేంద్రం 3 మి.మీ. ముందుకు జరిగి, ఫోమ్‌రెక్క గారు చెప్పిన జబ్బే తిరిగొస్తుంది. ఫోమ్‌లో చోటు చేసేటప్పుడు స్పార్‌ని (రెక్కకు బలాన్నిచ్చే లోపలి కడ్డీ) మాత్రం కోయొద్దు. గొట్టం చివర స్పాంజి ముక్క దూర్చండి, లోపల కడ్డీ జరిగితే గాల్లో కేంద్రం మారిపోతుంది. పైన పోగుల టేపు. రెక్క చివరలకు తీసుకెళ్లకండి, పక్కకు దొర్లడం మందగిస్తుంది.

ఫోమ్‌రెక్క:
మొదటిరోజే 350 వద్దు, 150తో మొదలు. వేగం పెరిగితే ఎలివాన్లు దడదడలాడతాయి, దాన్నే ఫ్లట్టర్ అంటారు. చేత్తో కదిపితే చివర్లో 1 మి.మీ. కంటే ఎక్కువ ఆడుతుంటే, సర్వో హార్న్ (దాని చిన్న చేయి) రంధ్రం అరిగిందో, ఎలివాన్‌ని తోసే కడ్డీ వంగుతుందో చూసి సరిచేశాకే బరువు సంగతి. సర్వోలు కూడా మెటల్ గేరువి పెట్టండి.

సహ్యాద్రి_గాలి:
విశాఖ అన్నారు కాబట్టి: అక్కడ నేవీ రన్‌వే ఉంది. ఏ కొండ ఎక్కే ముందైనా డిజిటల్ స్కై (డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ వెబ్‌సైట్) మ్యాప్‌లో ఆ చోటు రంగు చూసుకోండి. మోటారు లేని దీనికి 2021 డ్రోన్ రూల్స్ వర్తిస్తాయో లేదో కూడా కనుక్కోండి, 250 గ్రాములు దాటింది కాబట్టి నానో (అతి చిన్న డ్రోన్ల) తరగతి మినహాయింపులు రావు. సముద్రపు గాలి 20 దాటని రోజుల్లో సీసం సంచిలోనే ఉంచండి. బరువు గ్లైడర్ ఆ గాలిలో నిలవదు, కొండ దిగి వెతుక్కోవాలి.

సీసంగుండు:
ఈ ఒక్కటీ ఒప్పుకుంటాను.