‘అంగారే’: నిషేధాన్ని పక్కన పెట్టి చదివితే ఆ కథల్లో ఏం మిగులుతుంది?

ప్రశ్న: కొత్త పాఠకుడు

నమస్కారం. మేం ఎనిమిది మందిమి నెలకొక కథల సంపుటి చదివి, ఒక ఆదివారం కూర్చుని మాట్లాడుకుంటాం. వచ్చే నెల పుస్తకం ఎంచుకునే వంతు నాది. ‘అంగారే’ (నిప్పుకణికలు) పెడదామని ఉంది. 1932లో లక్నోలో అచ్చయి, మూడు నెలలకే నిషేధానికి గురైన ఉర్దూ పుస్తకం. ఉర్దూ రాదు కాబట్టి ఇంగ్లీషు అనువాదంలో చదివాను.

చదివాక ఒక అనుమానం పట్టుకుంది. ఎక్కడ వెతికినా నిషేధం గురించే రాస్తున్నారు, కథల గురించి రెండు వాక్యాలు కూడా కనబడవు. కొన్ని కథలు నాకు కేకలు పెట్టినట్టు అనిపించాయి. ప్రభుత్వం ముట్టుకోకపోయి ఉంటే ఈ పుస్తకం ఇవాళ ఎవరికైనా గుర్తుండేదా? మావాళ్ళకు ఏ కథతో మొదలుపెట్టి ఇవ్వాలి? ఇంకొకటి, కొందరు తొమ్మిది కథలంటారు, కొందరు పది అంటారు. ఏది సరైనది?

జవాబు: నెమలీక

చివరి ప్రశ్నకు ముందు చెబుతాను, అది తేలిక. తొమ్మిది కథలు, ఒక నాటిక. సజ్జాద్ జహీర్‌వి ఐదు, అహ్మద్ అలీవి రెండు, మహ్మూదుజ్జఫర్‌ది ఒకటి, రషీద్ జహాన్‌ది ఒక కథ, ఒక నాటిక. మొత్తం పది రచనలు కాబట్టి రెండు లెక్కలూ వాడుకలో ఉన్నాయి.

నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెప్పాను. నిషిద్ధ పుస్తకాల పాఠంలో ఏటా ‘అంగారే’ పేరు చెప్పేదాన్ని. ఆ పుస్తకం చదవకుండానే చెప్పేదాన్నని గుర్తొస్తే ఇప్పటికీ మనసు నొచ్చుకుంటుంది. నలభై దాటాక ఉర్దూ లిపి నేర్చుకున్నాను. 1995లో ఢిల్లీలో ఖాలిద్ అల్వీ సంపాదకత్వంలో వచ్చిన ప్రతిని ఒక స్నేహితురాలు తెచ్చి ఇచ్చింది. వేలు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. అలా నెమ్మదిగా చదవడం వల్లే కావచ్చు, మీకు కేకలుగా వినిపించిన చోట నాకు ఇంకేదో వినిపించింది.

ముందు సంగతులు. పుస్తకం 1932 డిసెంబరులో లక్నోలోని నిజామీ ప్రెస్‌లో అచ్చయింది. రాసినవాళ్ళలో ముప్పై దాటినవారు లేరు. సజ్జాద్ జహీర్ ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతూ ఇంటికి వచ్చిన యువకుడు. ఆయన తండ్రి వజీర్ హసన్ అప్పుడు అవధ్ చీఫ్ కోర్టుకు ప్రధాన న్యాయమూర్తి. అంటే ఆ నగరంలో న్యాయపీఠం మీద తండ్రి, అదే నగరంలో అచ్చాఫీసులో కొడుకు. పుస్తకం బయటికి రాగానే జహీర్ తిరిగి ఇంగ్లండు వెళ్ళిపోయాడు. గాలివాన మిగతా ముగ్గురి మీద పడింది.

ఫిబ్రవరిలో లక్నోలో మత సంస్థలు తీర్మానాలు చేశాయి. పత్రికల్లో సంపాదకీయాలు, మసీదుల్లో ప్రసంగాలు వచ్చాయి. 1933 మార్చి 15న సంయుక్త ప్రాంతాల (నేటి ఉత్తరప్రదేశ్) ప్రభుత్వం భారత శిక్షాస్మృతిలో మతభావాలను గాయపరచడం నేరమనే 295-ఎ సెక్షన్ కింద పుస్తకాన్ని నిషేధించింది. ఆ సెక్షన్ అప్పటికి ఆరేళ్ళ పసిది. లాహోర్‌లో మరో పుస్తకం మీద చెలరేగిన గొడవ తర్వాత 1927లో శిక్షాస్మృతిలో చేర్చారు. ఐదు ప్రతులు మాత్రం ఉంచి, దొరికినవన్నీ పోలీసులు నాశనం చేశారు. ఉంచిన వాటిలో రెండు లండన్ చేరాయి. పరాయి ప్రభుత్వం కాల్చిన పుస్తకాన్ని ఆ ప్రభుత్వపు రాజధానే దాచిపెట్టింది!

మీ అసలు ప్రశ్నకు వస్తాను. గొడవకు మూలం ప్రధానంగా జహీర్ రాసిన ‘జన్నత్ కీ బషారత్’. పవిత్ర రాత్రి ప్రార్థన చేస్తూ నిద్రలోకి జారిన ఒక మౌలానా కలలో స్వర్గకన్యలను చూస్తాడు. కళ్ళు తెరిచేసరికి పక్కన భార్య నవ్వుతూ ఉంటుంది, ఆయన కౌగిలించుకున్నది పవిత్ర గ్రంథాన్ని. మీకు కేకలా అనిపించింది ఇదే అయితే మీతో ఏకీభవిస్తాను. ఎవరిని గాయపరచాలో ముందే నిర్ణయించుకుని రాసిన కథ ఇది. ఏళ్ళ తర్వాత తన జ్ఞాపకాల పుస్తకం ‘రోష్నాయీ’లో జహీరే ఒప్పుకున్నాడు, ఆ కథల్లో ఎక్కువ వాటిలో నిదానం, గాంభీర్యం తక్కువని, కోపం ఎక్కువని.

కానీ పుస్తకమంతా అదే కాదు. మీవాళ్ళకు రషీద్ జహాన్ ‘దిల్లీ కీ సైర్’ (ఢిల్లీ షికారు) ముందు ఇవ్వండి. మూడు పుటలు, అంతే. ఫరీదాబాద్ నుంచి రైలెక్కి ఢిల్లీ చూసివచ్చిన మలికా బేగం చుట్టూ ఆడవాళ్ళు మూగి, ఏం చూశావో చెప్పమంటారు. ఆమె చూసిందేమిటి? స్టేషనులో దిగగానే భర్తకు స్నేహితుడు కనబడ్డాడు. ఈమెను సామాను దగ్గర కూర్చోబెట్టి వెళ్ళిపోయాడు. బుర్ఖాలో, మూటల మీద, వచ్చేపోయేవాళ్ళ చూపుల మధ్య ఆమె ఒక్కతే. ఎంతకీ రాడు. తీరా వచ్చి, తను హోటల్లో తినేశానని, ఆకలిగా ఉంటే పూరీలు తెస్తానని అంటాడు. నన్ను ఇంటికి తీసుకువెళ్ళు, నీ ఢిల్లీ షికారు నాకు చాలు అంటుంది ఆమె. కథ అక్కడితో సరి.

ఇందులో మతం మీద ఒక్క మాట లేదు. ఎవరి మీదా కోపం పైకి కనబడదు. ప్లాట్‌ఫారం, మూటలు, ఎదురుచూపు మాత్రమే ఉన్నాయి. నలుగురిలో ఎక్కువ బెదిరింపులు వచ్చింది మాత్రం ఈమెకే. ముక్కు కోస్తామన్నారు, యాసిడ్ పోస్తామన్నారు. ఆమె వృత్తిరీత్యా వైద్యురాలు, ఢిల్లీలోని లేడీ హార్డింజ్ కళాశాలలో చదివింది. ఆమె తండ్రి షేక్ అబ్దుల్లా అలీగఢ్‌లో ఆడపిల్లల బడి పెట్టినవాడు. ‘అంగారేవాలీ’ అన్న పేరు ఆమెకు జీవితాంతం అంటిపెట్టుకుని ఉంది. బెదిరించినవాళ్ళలో ఎంతమంది ఆ మూడు పుటలు చదివి ఉంటారు? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళుగా వదలడం లేదు.

జవాబు: పాత అచ్చు

నెమలీక గారి జవాబు బాగుంది కానీ జహీర్‌కు కొంచెం అన్యాయం జరిగిందనిపిస్తోంది. ‘నీంద్ నహీఁ ఆతీ’ కూడా ఆయనదే. నిద్ర పట్టని మనిషి తలలో తిరిగే మాటలు, గడియారం చప్పుడు, పేదరికం, పాత కవిత్వపు ముక్కలు, అన్నీ తెగి తెగి వస్తాయి. 1932లో ఉర్దూలో అలా రాయడం మామూలు సంగతి కాదు. కొత్త పాఠకుడు గారూ, నిషేధం లేకపోయినా కథా శిల్పం చెప్పుకునేవాళ్ళు ఆ ఒక్క కథ కోసమైనా ఈ పుస్తకాన్ని తలుచుకునేవారని నా నమ్మకం.

కాల్చిన పుస్తకాల మాట వచ్చింది కాబట్టి ఒకటి చేర్చాలి. దీనికి పాతికేళ్ళ ముందే, 1908లో, కాన్పూర్ జమానా ప్రెస్ నుంచి ‘సోజ్-ఏ-వతన్’ (దేశం కోసం వేదన) వచ్చింది. ఐదు కథలు. రాసింది నవాబ్ రాయ్, ఉద్యోగం హమీర్‌పూర్ జిల్లాలో బడుల తనిఖీ. కలెక్టరు పిలిపించాడు. రాత్రికి రాత్రి ఎడ్లబండి కట్టించుకుని ముప్పై నలభై మైళ్ళు వెళ్ళాడు. ఇది రాజద్రోహమని, మొగలుల పాలనలో అయితే రెండు చేతులూ నరికేవారని కలెక్టరు గద్దించాడు. వెయ్యి ప్రతుల్లో మూడు వందలే అమ్ముడయ్యాయి, మిగిలిన ఏడు వందలు తెప్పించి అప్పగించాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆయన పెట్టుకున్న పేరే ప్రేమ్‌చంద్. స్నేహితుడు దయానారాయణ్ నిగమ్ సూచించిన పేరు అది. పుస్తకం పోయింది, దాని బూడిదలోంచి ఒక కలం పేరు పుట్టింది.

రెంటికీ ఉన్న తేడా చూడండి. 1908లో ప్రభుత్వం భయపడింది దేశభక్తికి. 1933లో చేయి చేసుకున్నది ప్రభుత్వమే అయినా అడిగింది మనవాళ్ళే. రెండోది నన్ను ఎక్కువ బాధిస్తుంది.

మళ్ళీ: కొత్త పాఠకుడు

ఇద్దరికీ ధన్యవాదాలు. ‘దిల్లీ కీ సైర్’ నిన్న రాత్రి మళ్ళీ చదివాను. మొదటిసారి చదివినప్పుడు ఇందులో ఏమీ జరగలేదే అనుకుని దాటేశాను. ఈసారి మూటల దగ్గర ఆగిపోయాను. నిషేధం తర్వాత ఆ నలుగురూ ఏం చేశారు? క్షమాపణ చెప్పారా?

జవాబు: నెమలీక

పాత అచ్చు గారూ, ‘నీంద్ నహీఁ ఆతీ’ విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. నా కూడబలుక్కునే చదువుకు ఆ కథ అందలేదు, మళ్ళీ చదవాలి.

క్షమాపణ చెప్పలేదు. 1933 ఏప్రిల్ 5న అలహాబాదు ‘లీడర్’ పత్రికలో మహ్మూదుజ్జఫర్ ఒక ప్రకటన అచ్చు వేయించాడు. పుస్తకం రాసినందుకు విచారించడం లేదని, విమర్శించే హక్కును, స్వేచ్ఛగా రాసే హక్కును కాపాడుకోవాలని, అందుకోసం అభ్యుదయ రచయితల సంఘం ఒకటి వెంటనే పెట్టాలని అందులో ఉంది. ఆ ఆలోచనే లండన్‌లో జహీర్, ఇంగ్లీషు నవలాకారుడు ముల్క్ రాజ్ ఆనంద్‌ల చేతుల్లో పెరిగి, 1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత సభగా నిలబడింది. అధ్యక్షపీఠం మీద ఎవరో తెలుసా? ప్రేమ్‌చంద్. ఏడు వందల ప్రతులు అప్పగించిన ఆ మనిషే. మరో ఏడేళ్ళకు, 1943లో, తెనాలిలో తాపీ ధర్మారావు గారి అధ్యక్షతన మన అరసం (ఆంధ్ర అభ్యుదయ రచయితల సంఘం) తొలి మహాసభ. లక్నోలో కాల్చిన పుస్తకం వేడి తెనాలి దాకా ఎలా నడిచి వచ్చిందో మీవాళ్ళకు తప్పకుండా చెప్పండి, ఇది మన ఇంటి కథ కూడా.

నలుగురూ చివరిదాకా ఒకే దారిలో నడవలేదు. అహ్మద్ అలీ సంఘానికి దూరమై ఇంగ్లీషు నవల వైపు వెళ్ళాడు. రషీద్ జహాన్, మహ్మూదుజ్జఫర్ 1934లో పెళ్ళి చేసుకున్నారు. ఆమె వైద్యం చేస్తూ, రాస్తూ, కమ్యూనిస్టు పార్టీ పనులు చేస్తూ 1952లో మాస్కోలో చనిపోయింది, యాభై ఏళ్ళు కూడా నిండకుండా. ఉర్దూ కథా రచయిత్రి ఇస్మత్ చుగ్తాయ్ తనను తీర్చిదిద్దినవాళ్ళలో ముందుగా చెప్పే పేరు ఈమెది. పుస్తకాన్ని ఎలా ఆదరించారన్న చర్చలో మనం తీర్మానాలు, సంపాదకీయాలు లెక్కపెడతాం. ఒక అమ్మాయి దాన్ని చదివి రచయిత్రి కావడం అంతకన్నా పెద్ద లెక్క అని నా పట్టుదల.

ఇంకొక్క సంగతి. ‘దిల్లీ కీ సైర్’ ఉర్దూలో పూర్తిచేసిన రోజు మా అమ్మకు తెలుగులో చదివి వినిపించాను. అప్పటికి ఆమెకు ఎనభై ఒకటి. రషీద్ జహాన్ ఎవరో, నిషేధం ఏమిటో ఆమెకు తెలియదు, నేను చెప్పలేదు కూడా. కళ్ళు మూసుకుని విన్నది. చివరిదాకా ఏమీ అనలేదు. పుస్తకం మూసేశాక ఒక్కటే అడిగింది.

“సామాను ఎన్ని మూటలటే?”

కథలో వెతికి చెప్పేలోగా తనే అన్నది, “నావి ఐదు. ట్రంకుపెట్టె కాక.” మా నాన్నతో చేసిన మొదటి రైలు ప్రయాణం గురించి ఆమె ఆ సాయంత్రం దాకా మాకెవరికీ చెప్పలేదు.