సోయా ఆహారం ఆరోగ్యానికి ఎంతవరకు మంచిది? తింటున్నవారు చెప్పగలరు

కొత్తగా_సోయా:
రక్తపరీక్షలో చెడు కొలెస్ట్రాల్ కొంచెం ఎక్కువగా తేలడంతో మాంసం తగ్గించి టోఫు (సోయా పాలను విరగ్గొట్టి చేసే పనీర్ లాంటిది), సోయా పాలు, మీల్‌మేకర్ మొదలుపెట్టాను. సోయాలో ఆడవారి హార్మోన్ ఉంటుంది, మగవాళ్లు ముట్టకూడదని కొందరు, కొలెస్ట్రాల్‌కు ఇంతకు మించిన మందు లేదని మరికొందరు అంటున్నారు. చాలాకాలంగా తింటున్నవారు దయచేసి వివరించగలరు.

గింజల_డబ్బా:
సోయాలో ఉన్నది ఆడవారి హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్ కాదండీ, ఐసోఫ్లేవోన్లు అనే మొక్కల పదార్థాలు. జెనిస్టీన్, డైడ్జీన్ వంటి ఈ పదార్థాల నిర్మాణం ఈస్ట్రోజెన్‌ను కొంత పోలి ఉండడం వల్ల కణాల్లో ఈస్ట్రోజెన్ అతుక్కునే గ్రాహకాలకే ఇవీ అతుక్కుంటాయి గానీ, వాటి ప్రభావం దానికన్నా చాలా బలహీనం. మగవారిపై జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి విశ్లేషించినప్పుడు మగ హార్మోన్ అయిన టెస్టోస్టెరాన్‌లో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఛాతీ పెరిగిందని తరచూ ఉదాహరించే కేసులో ఆ వ్యక్తి రోజుకు దాదాపు 3 లీటర్ల సోయా పాలు తాగేవాడు. ఏ ఆహారాన్నైనా అలా తీసుకుంటే ఏదో ఒకటి జరగక మానదు. ఇంకొక సంగతి: డైడ్జీన్‌ను, ఈస్ట్రోజెన్ లాంటి ప్రభావం దానికన్నా ఎక్కువగా ఉండే ఈక్వోల్ అనే పదార్థంగా మార్చే పేగు బ్యాక్టీరియా అందరిలోనూ ఉండదు. రుతుక్రమం ఆగిన తరువాత నాకు ఒంట్లో వేడి ఆవిర్లు సోయాతో కొంత తగ్గాయి, మా అక్కకు ఏమీ తగ్గలేదు. కారణం అదేనని రూఢిగా చెప్పలేను.

లెక్కల_మనిషి:
మందు అనే మాట మాత్రం అతిశయోక్తి. రోజుకు 25 గ్రాముల సోయా ప్రోటీన్ గుండెకు మేలు చేయవచ్చని ప్యాకెట్లపై రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లో అనుమతించింది, ఆధారాలు నిలకడగా లేవంటూ 2017లో ఆ అనుమతిని ఉపసంహరించే ప్రతిపాదన చేసింది. ప్రయోగాల్లో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) సగటున 3-4 శాతం తగ్గింది, అంతే. కొవ్వు మాంసం స్థానంలో సోయా వస్తే చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే సంతృప్త కొవ్వు తగ్గుతుంది, అసలు లాభం అక్కడే ఎక్కువ. ఉన్న భోజనానికి అదనంగా చేర్చుకుంటే ఆ లాభం రాదు.

ఉదయం_మాత్ర:
థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు ఒకటి గమనించాలి. సోయా ఆ మందు పేగుల నుంచి రక్తంలోకి ఇంకడాన్ని తగ్గించగలదు. మోతాదు మారకపోయినా నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ చాలనప్పుడు పెరిగేది) పెరిగినప్పుడు డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, మాత్ర తరువాత ఏం తాగుతున్నారని. సోయా పాలను సాయంత్రానికి మార్చాక మళ్లీ పరిధిలోకి వచ్చింది. సోయా మానేయమని మాత్రం వారు అనలేదు.

కొత్తగా_సోయా:
చాలా సందేహాలు తీరాయి. ఉడికించిన గింజలు తింటే కడుపు ఉబ్బుతోంది, టోఫుతో ఆ ఇబ్బంది లేదు. ఎందుకు?

గింజల_డబ్బా:
గింజల్లోని రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు మనకు అరగవు. పెద్దపేగులో బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. టోఫు చేసేటప్పుడు పిండేసే నీటితో అవి చాలావరకు పోతాయి. గింజలను రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి, మెత్తగా ఉడికించండి. పచ్చివి తినకూడదు, ప్రోటీన్ అరగకుండా అడ్డుకునే పదార్థాలు వాటిలో ఉంటాయి.

లెక్కల_మనిషి:
ఐసోఫ్లేవోన్ మాత్రలను ఆహారంతో సమానం చేయకండి, ముఖ్యంగా రొమ్ము క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు డాక్టరును అడగకుండా వాటి జోలికి పోవద్దు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్‌ఫరిన్ మందు వాడేవారు నాటో (పులియబెట్టిన సోయా గింజల వంటకం) తినకూడదు, దానిలో విటమిన్ కె2 చాలా ఎక్కువ, అది ఆ మందు ప్రభావాన్ని తగ్గిస్తుంది. సోయా పాలు కొనేటప్పుడు కాల్షియం, బి12 చేర్చినవి చూసుకోండి, తాగే ముందు డబ్బాను బాగా కుదపండి. చేర్చిన కాల్షియం అడుగున పేరుకుపోతుంది.